‘లీవ్’ అంటే వెళ్ళిపోవడమేనా?

బడిలో లీవ్ అంటే ‘వెళ్ళు’, ‘విడుచు’ అని చెప్పేసి తర్వాతి మాటకు వెళ్ళిపోతారు. అది తప్పు కాదు గానీ, వాడేటప్పుడు బోల్తా కొట్టించేదీ అదే. ‘హైదరాబాద్ బయల్దేరాను’ అంటే మన ప్రయాణం హైదరాబాద్‌కు. దాన్నే ‘ఐ లెఫ్ట్ హైదరాబాద్’ అని మెసేజ్ పెడితే, హైదరాబాద్ నుంచి వచ్చేస్తున్నామని అవతలివాళ్ళు అనుకుంటారు. మధ్యలో ‘ఫర్’ పడాలి. మనలో చాలామంది అక్కడ ‘టు’ పెడతారు, అదీ కుదరదు.

మన ‘వెళ్ళు’, ‘బయల్దేరు’ చేరాల్సిన ఊరి వైపు చూస్తాయి. లీవ్ చూపు మాత్రం వెనక్కి, వదిలేసిన చోటి మీదే. పాత ఇంగ్లీషులో ఈ క్రియకు ‘ఉండనివ్వడం, మిగల్చడం’ అనే అర్థాలుండేవి. ‘ఉండిపోవు’ అని అర్థమొచ్చే జర్మన్ మాట ‘బ్లైబెన్’ దీనికి చుట్టమే! అందుకే బస్సులో గొడుగు మర్చిపోయినా లెఫ్టే, గిన్నెలో అన్నం మిగిలినా లెఫ్టే, తాత మనవడికి పొలం రాసిపెట్టి పోయినా లెఫ్టే. ‘వెళ్ళు’ ఒక్కటే బట్టీ పట్టిన పిల్లాడికి ఈ మూడూ అంతుపట్టవు.

ఆఫీసులో పెట్టే లీవ్ సంగతి వేరు. దాని మూలం ‘అనుమతి’ అనే మరో మాట. మన ‘సెలవు’ కూడా అంతే: అనుమతీ అదే, పనికి వెళ్ళని రోజూ అదే, వీడ్కోలూ అదే.

క్రియకే వస్తే, దాన్ని ఏకంగా బ్యాలెట్ మీదకు ఎక్కించింది బ్రిటన్. ప్రజాభిప్రాయ సేకరణలో, యూరోపియన్ యూనియన్‌లో ‘ఉండాలా’ అని జనాన్ని అడిగి అవునో కాదో చెప్పమనాలన్నది ముందు అనుకున్న పద్ధతి. అలా అడిగితే ఉండేవైపే మొగ్గు కనిపిస్తుందని ఎన్నికల కమిషన్ చెప్పడంతో ‘రిమైన్’, ‘లీవ్’ రెండూ పెట్టారు. 2016 జూన్ 23న 51.9 శాతం లీవ్ అన్నారు. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. సరుకులు, సేవలు, మనుషులు దేశాల మధ్య స్వేచ్ఛగా తిరిగే సింగిల్ మార్కెట్‌నీ వదలాలా? లోపల సుంకాలు లేకుండా, బయటి సరుకులకు అందరూ ఒకే సుంకం వేసే కస్టమ్స్ యూనియన్‌నీ వదలాలా? దేన్ని వదలాలో తేలనిదే అర్థం పూర్తికాని క్రియ అది. ఆ ముక్క బ్యాలెట్ మీద లేదు. పార్లమెంటు దాని మీదే ఏళ్ళ తరబడి కొట్టుకుంది. చివరికి 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది. ఉత్తర ఐర్లాండ్ మాత్రం సరుకుల విషయంలో చాలావరకు యూరప్ నిబంధనల కిందే ఉండిపోయింది.