ఓటీపీ పదును

సేద్యం డిజిటల్ అయితే రైతు బాగుపడడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా అనంతపురం జిల్లాలో వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. సర్వర్ అలా కాదు, ఎప్పుడు చూసినా తెర మధ్యలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

2024 సెప్టెంబర్ 2న కేంద్ర మంత్రివర్గం డిజిటల్ అగ్రికల్చర్ మిషన్‌కు 2,817 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అందులో అగ్రిస్టాక్ అని ఒకటుంది. రైతుల జాబితా, హద్దులు గీసిన గ్రామ పటాలు, ఏ పొలంలో ఏం వేశారో చెప్పే పట్టిక, ఈ మూడూ కలిస్తే అదే. మూడింటిలోనూ నీళ్ల ఊసు లేదు. మంచిదే. లేనిదాన్ని జాబితాలో చూపించడం ప్రభుత్వానికి తగదు కదా.

మన రాష్ట్రం ఇంకా ముందే మేలుకుంది. ఏ చేన్లో ఏ పంట వేశారో ట్యాబులో ఎక్కించే ఈ-క్రాప్ నమోదులో పేరుంటేనే పంటల బీమా, నష్టపరిహారం, మద్దతు ధరకు అమ్ముకునే వీలు. అంటే చెనిక్కాయ (వేరుశనగ) చేన్లో మొలిస్తే చాలదు, ట్యాబులో కూడా మొలవాలి. నమోదు కాని చేను నిలువునా ఎండినా ఎండినట్టు కాదు.

పోయిన ముంగారులో మా చిన్నాయనను ఆ మొలక కోసమే ఆఫీసుకు తీసుకుపోయాను. పొలం గట్టు మీద ఫోటో తీయడం అంతకు ముందే అయిపోయింది. ఇక వేలిముద్ర ఒక్కటే బాకీ. నలభై ఏండ్లు చెనిక్కాయ చెట్లు పీకి, కాయలు ఒలిచి ఆయన బొటనవేలు చెరువు తూము రాయిలా నున్నగా అయిపోయింది. వేలిముద్ర మిషన్‌కు అందులో ఒక్క గీతా కనబడలేదు.

"ఇంకో వేలు పెట్టు తాతా," అంది ఆఫీసులో నమోదు చేసే అమ్మాయి. పది వేళ్లూ అయిపోయాయి. సబ్బుతో కడుక్కోమంది. కడుక్కొచ్చాడు. తలకు రుద్దుకుంటే నూనె అంటి పడుతుందంది. "నా తలలో యాడుంది పాపా నూనె, వెంట్రుకలే ల్యాకపాయె," అని, పక్కనే ఉన్న నా తలకు రుద్దాడు. నేను కదలకుండా నిలబడ్డాను. డిజిటల్ సేద్యానికి నావంతు సేవ అదే. అయినా పడలేదు.

సరే, ఓటీపీ అన్నారు. ఓటీపీ వచ్చే నంబరు బెంగళూరులో కంపెనీ పనికి పోయిన కొడుకుది. షిఫ్టులో ఉన్నంతసేపూ వాడి ఫోను లాకర్లో ఉంటుంది. వాన పడితే నేలలో సేద్యానికి తగిన తడి, అదే పదును, రెండు మూడు రోజులుంటుంది, ఓటీపీ పదును మాత్రం పది నిమిషాలే. ఆ రోజు చేన్లో గుంటక తోలాల్సిన పదును కూడా మా ఎదురుగానే ఆరిపోయింది.

నాకు పాలసీలో ఒక్కటే లోపం కనబడుతోంది. వేలిముద్రే రైతుకు ఆస్తి అయినప్పుడు, దాన్ని అరగదీసే పనులను వెంటనే నిషేధించాలి. కలుపు తీయడం, చెట్లు పీకడం, మడక పట్టడం, అన్నీ. ఏ పనీ చేయని రైతే సంపూర్ణ డిజిటల్ రైతు.

అలాంటి ఆదర్శ రైతులు మన దగ్గర ఇప్పటికే ఉన్నారు. భూమి ఇక్కడ, కాపురం బెంగళూరులో. వాళ్ల వేలు మొదటిసారికే పడుతుంది, గీతలు ముగ్గు వేసినట్టు ఉంటాయి. దున్నేది కౌలుదారు. ఆయన కోసం 2019లో చట్టం చేసి, 11 నెలలు చెల్లే కార్డు ఇస్తామన్నారు. భూయజమాని సంతకం పెడితే చాలు. ఆ సంతకం ఒక్కటే అడగొద్దని యజమాని చెప్పిన రోజు నుంచి కౌలుదారు డిజిటల్‌గా లేడు. అప్పులోళ్లకు మాత్రం రోజూ కనబడుతున్నాడు, వాళ్లకు ఏ అగ్రిస్టాకూ అక్కర్లేదు.

(డ్రోన్ల గురించి కూడా రాయాలి. 15,000 మహిళా సంఘాలకు ఇస్తామన్నారు. పంటకు మందు కొట్టేది డ్రోన్ అయినా, మందు అంగట్లో బాకీ మాత్రం మనుషులే మోయాలి.)

మూడోసారి పోయినప్పుడు చిన్నాయన చూపుడువేలు ఎట్లాగో పడింది. టీ తాగి వచ్చాం. కొన్నాళ్లకు జాబితా గోడకు అంటించారు. పేరు సరిగ్గా ఉంది, సర్వే నంబరు సరిగ్గా ఉంది. పంట దగ్గర మాత్రం టమోటా అని ఉంది.

"దిద్దుకోను గడువు నిన్నటితో అయిపోయింది తాతా," అంది ఆ అమ్మాయి. పాపం, ఆమె చేతిలో కూడా ఏమీ లేదు.

చిన్నాయన కోప్పడలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని అడిగాడు:

"సరేలే పాపా. రేపు ధర ల్యాక ఆ టమోటా రోడ్డు మీద పారబోయాల్సి వస్తే, నేను రావల్లనా, మీ ట్యాబే పారబోస్తాదా?"