అమ్మ సంగతి అడిగేదెవరు?

బిడ్డ మెడ నిలుపుతున్నాడా? పిలిస్తే పలుకుతున్నాడా? మందులు వేళకు వేస్తున్నారా? దివ్యాంగ పిల్లలకు చదువు, థెరపీ అందించే భవిత కేంద్రానికి వచ్చిన తల్లిని అడిగే ప్రశ్నలన్నీ బిడ్డ గురించే. అడగాల్సినవే. రాత్రి ఆమె కంటికి కునుకు పట్టిందో లేదో మాత్రం ఎవరికీ పట్టదు.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల ఒంటి కదలికలు పట్టు తప్పే స్థితి) ఉన్న పదేళ్ల పిల్లాణ్ని ఎత్తుకుని స్నానం చేయించి, బట్టలు మార్చి, పొలమారకుండా ముద్ద ముద్దా తినిపించేసరికి పూట గడిచిపోతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి సరిగా నిద్ర పట్టదు. వాళ్లు మేలుకుంటే అమ్మా మేలుకోవాల్సిందే. థెరపిస్టు నేర్పిన వ్యాయామాలు ఇంట్లో చేయించాల్సిందీ, నాలుగు రోజులు నాగా పడితే మాట పడాల్సిందీ ఆమే. ఇవి చాలవన్నట్టు ‘గ్రహణం నాడు బయట తిరిగి ఉంటుంది’, ‘మా వైపు ఇలాంటి వాళ్లెవరూ లేరు’ అనే అత్తింటి మాటలు. పెళ్లికి పిల్లాణ్ని తీసుకెళ్తే అందరి చూపులూ అటే. దాంతో కొన్నాళ్లకు పిలిచినా వెళ్లడం మానేస్తారు. ‘నీకు ఓర్పుందనే దేవుడు నీకిచ్చాడు’ అన్న ఓదార్పు ఒకటి! ఆ పొగడ్తతో సాయం చేయాల్సిన బాధ్యత తీరిపోయిందనుకుంటారు. అప్పుల లెక్క మనసులోనే పెట్టుకుని, ఏడవడం కూడా తప్పే అనుకునే తండ్రిని పలకరించేవారైతే ఇంకా తక్కువ.

ఏళ్ల తరబడి సాగే ఈ ఒత్తిడి కుంగుబాటుగా మారడం బలహీనత కాదు. విశ్రాంతి దొరకని శరీరానికీ మనసుకూ జరిగేదే అది. అన్నిటికీ మించి వాళ్లను తొలిచేది ‘మా తర్వాత వీణ్ని ఎవరు చూస్తారు’ అన్న బెంగ. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించవచ్చు. దాంతో కాగితం మీద ఒక పేరు దొరుకుతుంది. రోజూ అన్నం తినిపించే మనిషి దొరకాలి కదా!

పింఛను విషయంలో ప్రభుత్వాలు కొంత కదిలాయి. తెలంగాణ 2023లో దివ్యాంగుల పింఛనును రూ.4,016కు పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2024లో రూ.6,000 చేసి, మంచానికే పరిమితమైన వారికి రూ.15,000 ఇస్తోంది. అది బిడ్డ అవసరాలకు. బిడ్డ కోసం కూలి మానుకున్న తల్లికి ఏమిటి? అధిక సాయం అవసరమైన దివ్యాంగుల కోసం సంరక్షకుల భత్యం ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో సంరక్షకులకు నెలకు రూ.600 పథకం పెట్టింది. మొత్తం చిన్నదే అయినా, ఆమె చేసేదీ పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. దివ్యాంగ బిడ్డలున్న తల్లులకు శిశు సంరక్షణ సెలవు ఇవ్వకపోవడంపై 2024లో సుప్రీంకోర్టు హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. అయితే సెలవు ఉద్యోగికే. మిరప కోతకు వెళ్లే తల్లికి సెలవిచ్చేదెవరు?

మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ హెల్ప్‌లైన్ ‘టెలి మానస్’ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రతి భవిత కేంద్రం గోడ మీదా ఉండాలి. కానీ బిడ్డ పక్కనే ఉండగా నోరు విప్పి మాట్లాడే తీరిక ఆమెకు ఎక్కడిది? ముందు కావాల్సింది ఆ తీరికే. కేంద్రాలున్న మండలాల్లోనైనా రోజూ రెండు మూడు గంటలు శిక్షణ పొందిన ఆయా చేతిలో బిడ్డను వదిలి వెళ్లే ఏర్పాటు చేయాలి. పిల్లలకు వైద్య పరీక్షలు చేసే రోజునే తల్లిదండ్రుల నిద్ర, బీపీ, దిగులు గురించి ఏఎన్‌ఎం వాకబు చేయాలి. సంరక్షకుల భత్యానికి రెండు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్‌లోనే పద్దు తెరవాలి.