ఐదోసారి వచ్చిన నవాహో మెసేజ్‌కి జవాబు

"పిల్లల్ని నవాహో ఇమ్మర్షన్ ట్రిప్‌కి పంపే ముందు ఐదు విషయాలు" అని ఫీనిక్స్ తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నవాహోలంటే మన అరిజోనా వైపు ఉండే అమెరికా ఆదివాసీ తెగ, ఇమ్మర్షన్ ట్రిప్ అంటే కొన్నాళ్లు వాళ్ల మధ్య ఉండి రావడం. వారంలో నలుగురు పంపారు. నిన్న మా తోడల్లుడు కూడా.

మొదటిది, నవాహోలు గుడారాల్లో ఉంటారట. గుడారాలు అమెరికా మధ్య మైదానాల్లోని వేరే తెగలవి. నవాహోల పాతకాలపు ఇల్లు హోగన్, తలుపు తూర్పుకి.

వాళ్ల భాష చచ్చిపోయిందట. ఇప్పటికీ లక్షమందికి పైగా మాట్లాడుతున్నారు. మన గ్రూపులో తెలుగు చదవగల పిల్లలెందరో ముందు లెక్కపెడదాం.

"వాళ్లకీ గోత్రాలున్నాయి, అంటే మనవాళ్లే." ఒకే వంశంలో పెళ్లి కుదరదన్నంత వరకు సరే. కానీ అక్కడ బిడ్డది తల్లి వంశం. పరిచయం చేసుకునేటప్పుడు అదే ముందు చెప్తారు. మీ అమ్మగారి పుట్టింటి గోత్రం తడుముకోకుండా చెప్పండి చూద్దాం.

నాలుగోది చదివాక ఒళ్లు మండింది. "ప్రభుత్వం ఊరికే పోషిస్తోంది, అయినా కుళాయి కూడా పెట్టించుకోరు. పాత బట్టలు పంపండి."

నవాహో నేషన్‌లో, అంటే వాళ్ల సొంత పాలన ఉన్న ప్రాంతంలో, దాదాపు 30 శాతం ఇళ్లకు కుళాయి లేదు, నిజమే. మైళ్ల దూరం నుంచి ట్రక్కుల్లో నీళ్లు మోసుకుంటారు. మరి మన కుళాయి సంగతో? కొలరాడో నది నీళ్లను ఫీనిక్స్ వైపు ఎత్తిపోసే పంపులకు 2019 దాకా కరెంటులో ఎక్కువ భాగం ఇచ్చింది పేజ్ ఊరి దగ్గరున్న నవాహో జనరేటింగ్ స్టేషన్ అనే బొగ్గు విద్యుత్ కేంద్రం. నేల వాళ్లది. బొగ్గు కయెంటా గనిది, అంటే నవాహోలు, పక్కనుండే హోపీ తెగవాళ్ల నేలలోది. ఆ బొగ్గు కాలితే మన స్విమ్మింగ్ పూల్ నిండింది. వేల నవాహో ఇళ్లలో మాత్రం కరెంటే లేదు. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1868 ఒప్పందం ప్రకారం మా నీళ్ల హక్కుల సంగతి తేల్చండని నవాహోలు కోర్టుకెళ్తే, ఆ బాధ్యత ప్రభుత్వానిది కాదని 2023లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. కష్టపడి పెంచుకున్న గొర్రెల మందల్ని 1930లలో బలవంతంగా తగ్గించిందీ ఆ "పోషించే" ప్రభుత్వమే. పాపం, కుళాయికి ఫారం నింపడానికి బద్ధకమేమో! మీ పాత బట్టలు వెళ్తే దాహం తీరిపోతుంది లెండి.

ఐదోది, కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందని. దీనికి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయిని వారం రోజులు నవాహో నేషన్‌లోని చిన్లే ఊరికి పంపింది అందుకే, ఫీజు కట్టింది నేనే. వచ్చాక ఎస్సే రాయమంటే, "వాళ్లింటి సంగతులు నా అడ్మిషన్‌కెందుకు నాన్నా?" అంది. గడువు ఇంకో పది రోజులే. టెన్షన్ నాకు, దానికి కాదు.