సవరణ: ‘ఎస్టోనియా’ ఓడ పుట్టుక, పేర్లు

నిన్నటి పోస్టులో ‘ఎస్టోనియా’ ప్రయాణికుల ఓడను 1993లో కొత్తగా కట్టారని రాశాను. అది తప్పు, క్షమించండి. 1993లో వచ్చింది ఆ పేరు మాత్రమే.

ఓడను కట్టింది 1980లో, జర్మనీలోని పాపెన్‌బర్గ్‌లో ఉన్న మేయర్ షిప్‌యార్డులో. మొదటి పేరు ‘వైకింగ్ సాలీ’. ఫిన్లాండ్‌లోని తుర్కు నుంచి స్టాక్‌హోమ్‌కు పదేళ్ళ పాటు జనాన్ని, కార్లను, లారీలను మోసింది. 1990లో సిల్యా లైన్ కింద ‘సిల్యా స్టార్’, మరుసటి ఏడాది వాసా లైన్ కింద ‘వాసా కింగ్’ అయింది. పేరు మారిన ప్రతిసారీ ఓడ పూర్తిగా కొత్తవాళ్ళ చేతికి వెళ్ళిందనుకోకూడదు. వాసా లైన్ సిల్యాకు సోదర సంస్థే.

అసలైన మార్పు 1993లో జరిగింది. స్వీడన్ కంపెనీ, ఎస్టోనియా ప్రభుత్వ షిప్పింగ్ సంస్థ కలిసి నడిపిన ఎస్ట్‌లైన్ దీన్ని తల్లిన్–స్టాక్‌హోమ్ మార్గంలో పెట్టింది. అప్పుడే స్వతంత్రమైన దేశానికి ఆ ఓడ ఎంత గర్వకారణమో ఊహించుకోవచ్చు.

1994 సెప్టెంబరు 28న తుఫానులో ముందు తలుపు ఊడిపోయి, కార్ల డెక్‌లోకి నీళ్ళు చేరి మునిగింది. 989 మందిలో 852 మంది చనిపోయారు. ‘ఏడాది వయసున్న ఓడ’ అన్న నా మాటనూ తీసేశాను. అప్పటికి దానికి 14 ఏళ్ళు.