సెగా కథ ఎక్స్‌బాక్స్‌కి అతకదు

హైదరాబాద్ గేమర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఎక్స్‌బాక్స్ పని అయిపోయింది. సెగా కూడా ఇలాగే తన గేముల్ని పక్క కంపెనీలకు ఇచ్చి, ఆ తర్వాత కన్సోల్ మూసేసింది. ధర తగ్గించి ఉంటే బతికేది. గేమ్ పాసే ముంచింది. నాదెళ్లకు మొదట్నుంచీ గేములంటే పడదు. ఇప్పుడున్న బాక్సు రెండేళ్లలో పనికిరాకుండా పోతుంది, సీటీసీకి తీసుకెళ్లి ఎంతొస్తే అంతకు అమ్మేయండి." సారాంశం ఇదీ. ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్ అమ్మే కన్సోల్, అంటే టీవీకి తగిలించుకుని గేములాడే యంత్రం. సెగా ఒకప్పుడు కన్సోళ్లు చేసిన జపాన్ కంపెనీ. గేమ్ పాస్ నెలవారీ చందా కట్టి ఎక్స్‌బాక్స్ గేములాడే పథకం, నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ, సీటీసీ సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చోటు. ఇది నమ్మి మంచి కండిషన్‌లో ఉన్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ని అయినకాడికి వదిలించుకుంటే నష్టం మనకే. అందుకే ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

ముందే ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఎక్స్‌బాక్స్ హార్డ్‌వేర్ నిజంగానే పడిపోతోంది. 2025 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో హార్డ్‌వేర్ ఆదాయం 25 శాతం తగ్గింది. ఆ తర్వాతి మూడు నెలల్లో, అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే, 29 శాతం తగ్గింది. ఎన్ని కన్సోళ్లు అమ్ముడయ్యాయో చెప్పడం మైక్రోసాఫ్ట్ 2015లోనే మానేసింది. రోగం ఉంది, అందులో అనుమానం లేదు. మెసేజ్ చెప్పే రోగం మాత్రం అది కాదు.

"సెగా ముందు గేముల్ని ఇచ్చేసింది, తర్వాత కన్సోల్ మూసింది"

ఇందులో వరుసే తలకిందులైంది. తన చివరి కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తున్నామని సెగా ప్రకటించింది 2001 జనవరి 31న. మార్చి తర్వాత తయారీ లేదు. సెగా సొంత సోనిక్ గేము ప్రత్యర్థి నింటెండో కన్సోల్ గేమ్‌క్యూబ్ మీదకి వచ్చింది ఆ ఏడాది డిసెంబరులో. అంటే ముందు దుకాణం మూతపడింది, ఆ తర్వాతే సరుకు పక్క దుకాణానికి చేరింది.

ఎందుకు మూసిందన్నది ఇంకా ముఖ్యం. సెగా దగ్గర డబ్బు అయిపోయింది. ఆ పతనం డ్రీమ్‌కాస్ట్‌తో మొదలైంది కాదు. 1994 చివర్లో తన పాత కన్సోల్ మెగా డ్రైవ్‌కి తగిలించుకునే 32ఎక్స్ అనే పరికరాన్ని అమ్మింది. ఆరు నెలలు తిరక్కుండానే, 1995 మే 11న, ముందస్తు కబురు లేకుండా అమెరికాలో సాటర్న్ అనే కొత్త కన్సోల్‌ని 399 డాలర్లకు విడుదల చేసేసింది. 32ఎక్స్ కొన్నవాళ్లు మోసపోయామనుకున్నారు. సాటర్న్ సరుకు కొన్ని గొలుసు దుకాణాలకే అందింది, అందని వాళ్లకు కోపమొచ్చింది. గేములు తయారుచేసే కంపెనీలు ముందు చెప్పిన సెప్టెంబరు తేదీని నమ్ముకుని ఉండటంతో మొదటి రోజు అల్మరాలో పెట్టడానికి సరిపడా గేములే లేవు. అదే రోజు సోనీ తన ప్లేస్టేషన్ ధర 299 అని చెప్పింది.

ఆ అప్పులూ, ఆ అపనమ్మకమూ మోసుకుంటూ డ్రీమ్‌కాస్ట్ వచ్చింది. యంత్రం మంచిదే. 1999 సెప్టెంబరులో అమెరికాలో 199 డాలర్లకు బాగా అమ్ముడైంది కూడా. కానీ పెద్ద గేముల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దానికి ఒక్క గేమూ చెయ్యలేదు. 2000 మార్చిలో జపాన్‌లో దిగిన సోనీ ప్లేస్టేషన్ 2 (పీఎస్2) డీవీడీ ప్లేయర్‌గానూ పనికొచ్చింది. డ్రీమ్‌కాస్ట్ మొత్తం అమ్మకాలు సుమారు 91 లక్షల దగ్గర ఆగిపోయింది. 2001 మార్చితో ముగిసిన ఏడాదికి సెగా నష్టం 5,170 కోట్ల యెన్‌లు. కంపెనీ అధిపతి ఇసావో ఒకావా సుమారు 70 కోట్ల డాలర్ల విలువైన తన సొంత షేర్లను కంపెనీకి రాసిచ్చాకే అది దివాలా నుంచి బయటపడింది.

దీనికి తోకగా "పైరసీ చంపేసింది" అని కూడా కలుపుతుంటారు. మామూలు సీడీలతో డ్రీమ్‌కాస్ట్ గేములు నడిపే దారి 2000 మధ్యలో గానీ బయటపడలేదు. అప్పటికే సెగా ఏళ్ల తరబడి నష్టాల్లో ఉంది. పైరసీయే కన్సోల్‌ని చంపుతుందంటే పీఎస్2 అందరికంటే ముందు పోవాలి. అది 15 కోట్లకు పైగా అమ్ముడైంది.

ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సంగతి. 2025 ఆర్థిక సంవత్సరంలో దాని గేమింగ్ ఆదాయం సుమారు 2,350 కోట్ల డాలర్లు, అదీ అంతకుముందు ఏడాది కన్నా ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో నాలుగు గేములతో మొదలుపెట్టి, 2025 ఏప్రిల్‌లో ఫోర్జా హొరైజన్ 5, ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్ రీలోడెడ్ దాకా ప్లేస్టేషన్‌కి ఇచ్చింది. గతిలేక ఇచ్చినవి కావు. 6,870 కోట్ల డాలర్లకు గేముల కంపెనీ యాక్టివిజన్ బ్లిజర్డ్‌ని కొంటున్నట్టు 2022లో ప్రకటించి, 2023 అక్టోబరులో ఆ కొనుగోలు పూర్తిచేసిన కంపెనీ, ఆ పెట్టుబడి తిరిగి రావాలంటే గేములు అన్ని చోట్లా అమ్ముడవ్వాలని లెక్క వేసుకుంది.

పోలిక కావాలంటే మైక్రోసాఫ్ట్ ఇంట్లోనే ఉంది: విండోస్ ఫోన్. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 2014 ఏప్రిల్‌లో సొంతం చేసుకుని, 2015 జూలైలో 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసుకుంది. డబ్బు లేక కాదు, ఇక లాభం లేదనుకుని వదిలేసింది. సెగా చేతకాక ఆగింది. మైక్రోసాఫ్ట్ ఆగితే అక్కర్లేదనుకుని ఆగుతుంది. భయపడాల్సింది దీనికి. "వాళ్ల దగ్గర బోలెడు డబ్బుంది, ఏమీ కాదు" అనేవాళ్లు కూడా ఈ ఫోన్ల సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి.

"ధర తగ్గించి ఉంటే బతికేది"

ఈ మాటకే ఎక్కువ లైకులొస్తాయి, తప్పు లెక్కా ఇందులోనే ఎక్కువ. కన్సోల్ మీద లాభం ఎప్పుడూ రాలేదని 2021లో ఎపిక్, యాపిల్ కంపెనీల మధ్య కేసులో మైక్రోసాఫ్ట్ అధికారి కోర్టులోనే చెప్పారు. ఒక్కో కన్సోల్ మీద 100 నుంచి 200 డాలర్లు తామే భరిస్తున్నామని 2022లో అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ చెప్పారు. ఆ లోటు పూడేది గేముల మీద వచ్చే 30 శాతం కమిషన్‌తో. 70 డాలర్ల బయటి కంపెనీ గేము అమ్ముడైతే కమిషన్ 21 డాలర్లు. బాక్సు మీద నష్టం 150 అనుకుంటే, కొన్నవాళ్లు ఏడు గేములు దాటి ఎనిమిదోది కొన్నప్పుడే ఖర్చు తిరిగొస్తుంది. గేమ్ పాస్ తీసుకున్నవాళ్లు విడిగా గేములు కొనేది తక్కువ. ఇంకో 100 తగ్గిస్తే ఆ ఎనిమిది కాస్తా పన్నెండు అవుతుంది.

ఒకప్పుడు ఏళ్లు గడిచేకొద్దీ చిప్పులు చిన్నవై చవకయ్యేవి. పీఎస్2 అమెరికాలో 299తో మొదలై 2009కి 99కి దిగింది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. సిరీస్ ఎక్స్ ప్రధాన చిప్పు 360 చదరపు మిల్లీమీటర్లు, 7 నానోమీటర్లది. దాన్ని చిన్నది చేసినా పాతరోజుల్లోలా ఖర్చు సగానికి పడదు. లోపల 16 జీబీ జీడీడీఆర్6 మెమరీ, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. ఏఐ సర్వర్ల గిరాకీతో 2025 చివర నుంచి మెమరీ ధరలు ఎగబాకాయి. అమెరికాలో సిరీస్ ఎక్స్ 499 నుంచి 2025 మేలో 599కి, అక్టోబరులో 649కి ఎక్కింది. అక్కడ పీఎస్5 కూడా ఆగస్టులో 50 డాలర్లు పెరిగింది.

మన దగ్గర దీనికి రూపాయి కూడా తోడైంది. సిరీస్ ఎక్స్ ఇక్కడ 2020 నవంబరులో 49,990 రూపాయలకు వచ్చింది. అప్పుడు డాలరు 74 రూపాయల దగ్గర ఉంది, 2025 డిసెంబరుకి 90 అయింది. కంపెనీ డాలర్ ధరని ముట్టుకోకపోయినా, పన్నులు కలపక ముందే 8,000 రూపాయల తేడా. సీటీసీ షాపువాళ్లతో ఎంత బేరమాడినా ఇది తగ్గేది కాదు.

ధర తగ్గించి గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. నింటెండో చేతి కన్సోల్ 3డీఎస్ 2011లో 249 నుంచి 169కి దిగి నిలబడింది. కానీ అదే ఏడాది నవంబరు, డిసెంబరుల్లో రెండు మారియో గేములు వెంట వచ్చాయి, ఆ నష్టం మొయ్యడానికి దాచుకున్న డబ్బుంది. అదే నింటెండో 2013లో వీ యూ కన్సోల్ ధర 50 డాలర్లు తగ్గించినా ఆడించడానికి గేముల్లేక మొత్తం అమ్మకాలు 1.35 కోట్ల దగ్గరే ఆగింది. డ్రీమ్‌కాస్ట్ 149కి దిగింది, 99కి దిగింది. ఆ తగ్గింపు మిగిలిన సరుకు వదిలించుకోవడానికే పనికొచ్చింది.

"గేమ్ పాసే ముంచింది"

సగం నిజం. 2025 ఆర్థిక సంవత్సరంలో గేమ్ పాస్ ఆదాయం దాదాపు 500 కోట్ల డాలర్లు. అది ఆదాయమే, లాభం కాదు. మునిగిపోయిన వ్యాపారం లెక్క మాత్రం కాదది. అసలు దెబ్బ వాడేవాళ్ల మీద పడింది. 2025 అక్టోబరులో దాని పై స్థాయి ప్లాన్ అల్టిమేట్ నెలకు 829 నుంచి 1,389 రూపాయలైంది. ఆ రేటున ఏడాదికి 16,668. పెద్ద కంపెనీ కొత్త గేము 5,000 రూపాయల దగ్గర ఉంటుంది కాబట్టి, ఏడాదికి మూడు గేములు మాత్రమే పూర్తిచేసే వాళ్లకు ఆ మూడూ కొనుక్కోవడమే మేలు, సొంతమైనా అవుతాయి. నెలకో కొత్త గేము పట్టేవాళ్లకు ఆ రేటున కూడా పాస్ గిట్టుతుంది.

"నాదెళ్లకు గేములంటే పడదు"

2014లో సీఈఓ అయిన ఏడాదే 250 కోట్ల డాలర్లకు మైన్‌క్రాఫ్ట్ చేసే మోజాంగ్‌ని కొన్నారు. తర్వాత 750 కోట్లకు బెథెస్డా అనే గేముల కంపెనీ, ఆపైన యాక్టివిజన్. పడని మనిషి చేసే పని కాదిది. అలాగే, ఆయన బేగంపేటలో చదువుకున్నారనీ గచ్చిబౌలిలో క్యాంపస్ ఉందనీ మనకు కన్సోల్ చవగ్గా వస్తుందనుకునే వాళ్లూ ఆ ఆశ వదులుకోవచ్చు.

మెసేజ్ అడగని అసలు ప్రశ్న

సెగాని పట్టుకుని వేలాడటం వల్ల ఎవరికీ కనిపించని లోపం ఒకటుంది. మైక్రోసాఫ్ట్ సొంత గేము ఎక్స్‌బాక్స్ మీద 70 డాలర్లకు అమ్ముడైతే ఆ 70 దానిదే. పీఎస్5 మీద అమ్ముడైతే మామూలు కమిషన్ 21 సోనీకి పోగా 49 మిగులుతుంది. ఎక్కువ మందికి అమ్మి ఆ తేడా పూడ్చుకోవచ్చు. కానీ "అన్నీ అక్కడే దొరుకుతున్నాయి కదా" అని ఒకరు ప్లేస్టేషన్‌కి మారిపోతే, ఇకపై వాళ్లు కొనే ప్రతి బయటి గేము మీదా 21 డాలర్లు సోనీకి వెళ్తాయి. పోయింది ఒక బాక్సు అమ్మకం కాదు, ఆ మనిషి నుంచి ఏళ్ల తరబడి రావాల్సిన కమిషన్.

విండోస్ వైపు అడుగు కూడా ఇంతే. 2025 అక్టోబరులో ఏసస్‌తో కలిసి తెచ్చిన ఎక్స్‌బాక్స్ ఆలీ చేతి కన్సోల్ విండోస్ మీద నడుస్తుంది, దానిమీద వాల్వ్ కంపెనీ గేముల స్టోర్ స్టీమ్ కూడా పనిచేస్తుంది. అక్కడ స్టీమ్‌లో కొన్న గేము కమిషన్ వాల్వ్‌కి పోతుంది. పీసీ గేముల మీద మైక్రోసాఫ్ట్ స్టోర్ తీసుకునేది 12 శాతమే. మరి తర్వాతి కన్సోల్‌ని 150 డాలర్లు నష్టపోయి అమ్మితే అది ఎక్కడి నుంచి తిరిగొస్తుంది? చిప్పుల కంపెనీ ఏఎండీతో కొత్త చిప్పుల ఒప్పందం 2025 జూన్‌లోనే ప్రకటించారు కాబట్టి యంత్రం రావడం గురించి కంగారు అక్కర్లేదు. దానికి పాత తరంలాంటి రాయితీ ధర ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

"రెండేళ్లలో బాక్సు పనికిరాదు"

2005 నాటి ఎక్స్‌బాక్స్ 360ని చూడండి. దాని స్టోర్ 2024 జూలై 29న మూసేశారు. కొత్తగా కొనడం ఆగింది. అప్పటికే కొన్న గేములు ఆడుకోవడం, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడం ఆగలేదు.

అయినా జాగ్రత్త పడాలంటే ముందు మీ కన్సోల్‌ని హోమ్ ఎక్స్‌బాక్స్‌గా పెట్టుకోండి: సెట్టింగ్స్, జనరల్, పర్సనలైజేషన్, మై హోమ్ ఎక్స్‌బాక్స్. అప్పుడు డిజిటల్‌గా కొన్న గేములు నెట్ లేకున్నా తెరుచుకుంటాయి. ఏడాదికి ఐదుసార్లే మార్చుకోనిస్తారు కాబట్టి స్నేహితుల అకౌంట్లతో వాటాలాడి ఆ అవకాశాన్ని ఖర్చు చేసుకోవద్దు. తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గో ఆఫ్‌లైన్ నొక్కి, మీకు కావాల్సిన గేములు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఏది మొండికేస్తుందో ఇప్పుడే తెలుస్తుంది.

డిస్కు ఉంటే చాలని ధీమాగా ఉండేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. సిరీస్ ఎక్స్‌లో 360 డిస్కు వేస్తే అది తాళంచెవి పనే చేస్తుంది, గేము నెట్ నుంచే దిగాలి. అలాంటివి ఇప్పుడే దించుకుని యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కులో పెట్టుకోండి. పాత గేములు దాని మీద నుంచే నడుస్తాయి, సిరీస్ కోసం చేసిన కొత్తవి మాత్రం లోపలి ఎస్‌ఎస్‌డీకి మార్చాకే నడుస్తాయి. ఏదో చిన్న ఇబ్బందికి ఫ్యాక్టరీ రీసెట్ చేసెయ్యకండి, ఆ తర్వాత సెటప్‌కి నెట్ తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఈ మెసేజ్ భయమే బేరానికి పనికొస్తుంది. షాపులోనే ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, మీ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, స్టోర్ నుంచి చిన్న ఉచిత గేము ఒకటి దించి చూడండి. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్‌లో బ్యాన్ చేసిన కన్సోల్ అక్కడే దొరికిపోతుంది. సిరీస్ ఎక్స్ అయితే ఒక డిస్కు వెంట పట్టుకెళ్లి వేసి, పూర్తిగా ఇన్‌స్టాల్ అయ్యేదాకా ఆగండి. అరిగిన డ్రైవ్ తరచూ మధ్యలోనే ఆగిపోతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌ని పోర్టు దగ్గర మెల్లగా కదిపి బొమ్మ పోతుందేమో చూడండి. ఇదే తరంలోని చిన్న మోడల్ 512 జీబీ సిరీస్ ఎస్‌లో వాడుకోగలిగేది 364 జీబీయే, డిస్కు డ్రైవ్ కూడా లేదు. గేములు నిలవ పెట్టుకోవాలనుకునే వాళ్లు దాని జోలికి పోకుండా సిరీస్ ఎక్స్ తీసుకోవడమే నయం.