ట్యాబ్ ఇంటికి ఇచ్చాం, లెక్క నేర్పే చోటు ఎక్కడ?

విశాఖపట్నంలో పదో తరగతి చదివే పిల్లవాడికి గణితం నేర్చుకోవడానికి ఇవాళ వనరుల కొరత లేదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ డిజిటల్ వేదికపై ఉన్న పాఠం తెరుచుకుంటుంది. యూట్యూబ్‌లో త్రికోణమితి అని తెలుగులో వెతికితే చూసి ముగించలేనన్ని వీడియోలు వరుస కడతాయి. ఖాన్ అకాడమీ అభ్యాసాలు, జియోజీబ్రా రేఖాగణితం, డెస్మోస్ గ్రాఫులు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. అయినా సాయంత్రం ఐదు దాటాక ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్లకు పరుగులు తీసే పిల్లల రద్దీ తగ్గలేదు. ఆ ఫీజులు కట్టలేని ఇళ్ల పిల్లలు లెక్కల్లో వెనకబడటమూ తగ్గలేదు. వనరులన్నిటినీ ఒంటరిగా కూర్చున్న పిల్లవాడి చేతిలో పెట్టేసి మన బాధ్యత తీరిపోయిందనుకోవడమే దీనికి కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆన్‌లైన్ గణితం ఫలించాలంటే దానికి ఒక గది, ఒక నల్లబల్ల, పక్కన లెక్క తెలిసిన ఒక మనిషి ఉండాలి.

ట్యాబ్‌ల కథ పాఠకులకు తెలిసిందే. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. వాటిలోని పాఠాలు అందించిన సంస్థ 2024లో దివాలా పిటిషన్లతో కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. పథకాన్ని పొగిడినవారు, తెగిడినవారు కూడా ధర గురించి, కంటెంట్ గురించి, పిల్లలు ఆటలాడుకుంటున్నారా లేదా అన్నదాని గురించి వాదించుకున్నారు. ఆ ట్యాబ్ పక్కన ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న ఆ రభసలో వినిపించనేలేదు.

నిజానికి ఆన్‌లైన్ గణిత బోధనకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చిన ప్రయత్నం పుట్టుకలోనే ఈ ప్రశ్నకు జవాబు ఉంది. 2004లో బోస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న సల్మాన్ ఖాన్ (తర్వాత ఖాన్ అకాడమీ స్థాపించింది ఈయనే), న్యూ ఆర్లియన్స్‌లో ఉన్న తన బంధువుల అమ్మాయి లెక్కల్లో తడబడుతోందని తెలిసి, ఫోన్‌లో మాట్లాడుతూ ఇంటర్నెట్‌లో బొమ్మలు గీస్తూ పాఠం చెప్పాడు. ఆ తర్వాత మిగతా బంధువుల పిల్లలూ చేరడంతో, అందరికీ పనికొస్తాయని వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. అంటే మొదట ఉన్నది పాఠం చెప్పే అన్నయ్య, అడిగే చెల్లెలు. వీడియో తర్వాత వచ్చింది. లోకమంతా వీడియోను అందుకుంది, అన్నయ్యను మాత్రం అక్కడే వదిలేసింది.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో పరిశోధనలు స్పష్టంగానే చెప్పాయి. పెరూ దేశంలో గ్రామీణ పాఠశాలల పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చిన పథకంపై 2012లో వెలువడిన మూల్యాంకనం, గణితంలో గానీ భాషలో గానీ ఫలితాలు మెరుగుపడలేదని తేల్చింది. దీనికి ఎదురుగా ఢిల్లీ అనుభవాన్ని పెట్టి చూడాలి. అక్కడ ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి తొమ్మిది తరగతులు చదివే పిల్లల్లో లాటరీలో ఎంపికైనవారికి, బడి వేళల తర్వాత, వేరే కేంద్రాల్లో, రోజుకు 90 నిమిషాల పాటు పాఠాలు నడిపారు. అందులో సగం సమయం పిల్లవాడి స్థాయిని పసిగట్టి అందుకు తగిన లెక్కలిచ్చే సాఫ్ట్‌వేర్‌తో, మిగతా సగం చిన్న బృందంలో సహాయక ఉపాధ్యాయుడితో గడిచేది. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నాలుగున్నర నెలల్లోనే ఆ పిల్లల గణిత మార్కులు లాటరీలో అవకాశం రాని పిల్లల కంటే 0.37 ప్రామాణిక విచలనం (పిల్లల మార్కుల మధ్య తేడాల విస్తృతిని కొలిచే ప్రమాణం) మేర పెరిగాయి. ఆ కేంద్రాల్లోకి వచ్చిన ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతుల వెనక ఉన్నారన్న సంగతి కూడా ఆ అధ్యయనంలోనే బయటపడింది. సాఫ్ట్‌వేర్ మంచిదే, కానీ అది పనిచేసింది ఒక సమయం, ఒక చోటు, ఒక మనిషి ఏర్పాటైన చోట.

వీడియో ఎందుకు చాలదో ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. సగానికి మూడో వంతు కలపమంటే ఆరో తరగతి పిల్లలు చాలామంది లవాలు వేరుగా, హారాలు వేరుగా కూడేసి 2/5 అని రాస్తారు. వీడియో క.సా.గు. తీసి 5/6 అని చూపించి ముందుకు వెళ్లిపోతుంది. పిల్లవాడు దాన్ని నోటుబుక్కులో దింపుకుంటాడు, మర్నాడు మళ్లీ 2/5 అనే రాస్తాడు. పక్కనున్న మాస్టారు ఆ 2/5 మీదే వేలు పెట్టి, “ఇది సగం కంటే ఎక్కువా, తక్కువా?” అని అడుగుతారు. తక్కువ. “మరి సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గడమేమిటి?” అన్న రెండో ప్రశ్నకు పిల్లవాడి కలం ఆగిపోతుంది. ఆ ఆగడంలోనే అతను భిన్నం నేర్చుకుంటాడు. ఏ పిల్లవాడు ఎక్కడ తప్పు తోవ పట్టాడో ముఖం చూసి పసిగట్టే పని ఉపాధ్యాయుడిది.

అలాగని ఈ సాధనాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సరైన చోట పెడితే అవి చేసే మేలు సుద్దముక్కకు అసాధ్యం. జియోజీబ్రానే తీసుకుందాం. 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి కంప్యూటర్‌లో పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. రేఖాగణితంలో, ఒకే భూమిపై రెండు సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానమన్న సిద్ధాంతం ఉంది. నల్లబల్లపై రెండు త్రిభుజాలు గీసి నిరూపణ రాయిస్తే పిల్లలు బట్టీ పడతారు. అదే తెర మీద 6 సెంటీమీటర్ల భూమి, దానికి 4 సెంటీమీటర్ల ఎత్తున ఒక సమాంతర రేఖ గీసి, శీర్షాన్ని ఆ రేఖ మీద పెట్టి, కదిపే ముందు తరగతిని అడగాలి: ఈ బిందువును కుడివైపు దూరంగా లాక్కెళ్తే వైశాల్యం పెరుగుతుందా, తగ్గుతుందా? త్రిభుజం సాగుతుంది గనుక పెరుగుతుందని చాలామంది చేతులెత్తుతారు. అప్పుడు బిందువును లాగితే త్రిభుజం బల్లెంలా సాగిపోతుంది, చుట్టుకొలత పెరుగుతూ పోతుంది, వైశాల్యం దగ్గర మాత్రం 12 చదరపు సెంటీమీటర్లు కదలకుండా నిలుస్తుంది. “ఎందుకు?” అన్న ప్రశ్న పిల్లల నోటి నుంచే వస్తుంది, నిరూపణ అవసరమని వాళ్లకే అనిపిస్తుంది. దీనికి నలభై ట్యాబ్‌లు అక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఒక ప్రొజెక్టర్, చేతులెత్తించి ఆగగలిగే ఒక ఉపాధ్యాయురాలు ఉంటే చాలు. అదే బొమ్మను పిల్లవాడు ఇంట్లో ఒంటరిగా వేలితో లాగితే రంగులు కదలడం చూసి ఊరుకుంటాడు, ఎందుకంటే ముందుగా ఊహించమని అతన్ని అడిగేవారు లేరు.

ఇంటింటికీ సాధనం అందడమే సమానత్వమనీ, చీకటి పడ్డాక ఆడపిల్లలను బయటికి పంపలేని కుటుంబాలకు, పాడేరు కొండల్లో లెక్కల మాస్టారు లేని బడులకు వీడియోనే దిక్కనీ చెప్పేవారున్నారు. వారు చెప్పే ఇబ్బందులు నిజమైనవే. కానీ మాస్టారు లేని బడికి మాస్టారిని ఇవ్వాలి, ఆడపిల్లకు నడిచి వెళ్లగలిగే దూరంలో వెలుతురున్న గది ఇవ్వాలి. వీడియోతో సరిపెట్టుకొమ్మని పేదపిల్లలకే ఎందుకు చెబుతున్నాం? ఫీజు కట్టగలిగిన తల్లిదండ్రులు తమ పిల్లలకు మనిషినే కొనిస్తున్నారు కదా.

మరి ఆ గది ఎక్కడుంది? ఈ ప్రశ్న నన్ను ఎప్పుడూ గ్రంథాలయాల దగ్గరికే తీసుకెళ్తుంది. చదువును జనం దగ్గరికి మోసుకెళ్లడంలో తెలుగువాళ్లకు ఉన్న చరిత్ర సామాన్యమైనది కాదు. 1914లోనే అయ్యంకి వెంకట రమణయ్య వంటివారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పి, ఒడ్డున ఉన్న ఊళ్లకు అందించారు. 1960లో వచ్చిన పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. విశాఖలో ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబమూ ఈ సెస్సు చెల్లిస్తోంది. అది స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉంది. అంటే సాయంత్రపు గదికి కొత్త పన్ను అక్కర్లేదు, కొత్త పథకానికి కొత్త పేరూ అక్కర్లేదు. పడవ మీద పుస్తకం పంపినవారి వారసులం, శాఖా గ్రంథాలయంలో ఒక తెర పెట్టి, లెక్క చెప్పే మనిషిని కూర్చోబెట్టలేమా?

ద్వారకా నగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువత గంటల తరబడి కూర్చోవడం నగరానికి తెలుసు. చోటు ఇస్తే వస్తారనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. లెక్క చెప్పేవారికీ ఈ ఊళ్లో లోటు లేదు. 1926 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పీజీ చదివే విద్యార్థులున్నారు. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, షిప్‌యార్డులో, రైల్వేలో జీవితమంతా కొలతలతో, గ్రాఫులతో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు గాజువాక నుంచి ఎంవీపీ కాలనీ దాకా ప్రతి పేటలోనూ ఉన్నారు. పీజీ విద్యార్థులకు గంటల లెక్కన గౌరవ వేతనం ఇవ్వాలి, ఉచిత సేవ పేరుతో వాడుకోకూడదు.

మహా విశాఖ నగరపాలక సంస్థ చేయవలసింది ఇది: తన వద్ద పెండింగ్‌లో ఉన్న గ్రంథాలయ సెస్సు ఎంతో ప్రజలకు ప్రకటించి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ డబ్బుతో మొదట కొన్ని వార్డుల్లో, శాఖా గ్రంథాలయం ఉన్నచోట అందులో, లేనిచోట మున్సిపల్ పాఠశాల గదిలో, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా గణితం గది తెరవాలి. పిల్లల దగ్గర ట్యాబ్‌లుంటే వాటిని అక్కడికి తెచ్చుకోమనాలి, పాఠాలు ముందే దింపి ఉంచాలి. ఏ పిల్లవాడు ఏ తరగతి లెక్క దగ్గర ఆగిపోయాడో చేరిన వారంలోనే రాసిపెట్టి, అతని బడిలోని లెక్కల మాస్టారికి ఆ కాగితం అందించాలి. ఎనిమిదో తరగతితో మొదలుపెట్టడం మేలు. పదో తరగతి పరీక్షలకు ఇంకా రెండేళ్లుంటాయి, వెనకబడిన రెండు తరగతులూ పూడ్చుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది.