అరవై దాటితే నేర్పరా?

'గుండెపోటు వస్తే గట్టిగా దగ్గండి, ప్రాణం నిలబడుతుంది. పదిమందికి పంపండి.' ఈ వాట్సాప్ సందేశం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. అది తప్పని గుండె డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా చావడం లేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దాయనకు ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. దగ్గుతూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

పెద్దవాళ్లకు ఇంటర్నెట్ తెలియదనడం పాత మాట. షుగర్‌కు మెంతులు, మోకాళ్ల నొప్పులకు నల్లేరు అంటూ మధ్యాహ్నం భోజనం కాగానే యూట్యూబ్ చూసేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఫోన్ కొనిచ్చింది కొడుకో, కూతురో. వీడియో కాల్ ఎత్తడం వరకు నేర్పి డాలస్ విమానం ఎక్కేశారు. చూసినవాటిలో ఏది నమ్మాలో చెప్పినవాళ్లు లేరు. దగ్గరున్న పిల్లలూ తక్కువేమీ కాదు. ఏదైనా అడిగితే 'ఇటివ్వు నాన్నా, నేను చూస్తాలే' అని ఫోన్ లాక్కుంటారు.

ప్రభుత్వం తీరూ అంతే. గ్రామాల్లో ఆరు కోట్ల ఇళ్లకు, ఇంటికొకరికి డిజిటల్ అక్షరాస్యత అంటూ కేంద్రం 2017లో ఒక పథకం తెచ్చింది. అందులో అర్హత వయసు 14 నుంచి 60గా ఉండేది. అదే కేంద్రం 2024 అక్టోబరులో 70 నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వైద్యం అందించే వయ వందన కార్డు ప్రారంభించింది. మంచి పనే. కానీ సొంతంగా నమోదు చేసుకోవాలంటే యాప్, ఆధార్, ఓటీపీ అన్నీ దాటాలి. 60కి బడి మూసేసి 70కి పరీక్ష పెట్టినట్టుంది.

నేర్పాల్సింది కంప్యూటర్ కోర్సు కాదు. మైక్ గుర్తు నొక్కి తెలుగులో అడగడం వస్తే సగం పని అయినట్టే. ఆ వచ్చిన జవాబు చెబుతున్నది ఎవరు, ఎప్పుడు చెప్పారు, చివర్లో ఏమైనా అమ్ముతున్నారా అని చూడటం రెండో సగం. వీడియో కింద పొడి డబ్బా ధర, ఫోన్ నంబరు కనిపిస్తే అది సలహా కాదు, బేరం. ఏం చూసినా, ఎవరు చెప్పినా డాక్టర్ను అడగకుండా బీపీ మాత్ర ఆపకూడదన్నది మొదటి రోజే చెప్పాలి. పనికొచ్చేవీ చూపించాలి. ప్రభుత్వ చౌక మందుల దుకాణాల యాప్ జన్ ఔషధి సుగమ్‌లో మందు పేరు కొడితే ధర, దగ్గర్లోని దుకాణం తెలుస్తాయి. ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో ఇంటి నుంచే డాక్టర్‌తో ఉచితంగా మాట్లాడొచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరునైతే ఇవాళే ఫోన్‌లో ఎక్కించవచ్చు.

ఎక్కడ నేర్పాలి? మా దృష్టిలో శాఖా గ్రంథాలయం కంటే తగిన చోటు లేదు. పొద్దున్నే పేపర్ కోసం వచ్చే రిటైరైన మాస్టార్లు అక్కడ ఎలాగూ ఉంటారు. 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. వారానికి రెండు రోజులు, ఓ గంట, డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు వస్తే చాలు. కాకపోతే ఆ బల్లల దగ్గర కనిపించేది ఎక్కువగా మగవాళ్లే. ఆడవాళ్ల కోసం డ్వాక్రా సమావేశాలకు, బీపీ, షుగర్ పరీక్షలు చేసే ఆరోగ్య ఉపకేంద్రాలకు ఈ పాఠం వెళ్లాలి.

నేర్పేవాళ్లకు మాత్రం ఒక షరతు పెట్టాలి. ఫోన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. రెండుసార్లు తప్పు నొక్కినా, మూడోసారి అదే అడిగినా లాక్కోకూడదు.